చివరి పేజీలో పెన్సిలు మాటలు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో, ఒకామె భర్త ముందు, మరిది ముందు, ముగ్గురు పనివాళ్ల ముందు, నేను సంచిలోంచి ఒక నవల తీసి చూపించాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది. అంతకుముందు చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను. కానీ చెయ్యి సంచిలోకి పోయే వరకూ వెనక్కి తిరిగి వచ్చేయడానికి నాకు వీలుంది. నేను రాలేదు.

ప్రేమ నవలలంటే నాకు పిచ్చి. ఈ మాట ఇప్పుడు సులభంగా రాస్తున్నాను. తొంభైల నడుమ నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు బయట ఎవరితోనూ అనలేదు. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. పోయే గంటా వచ్చే గంటా నావి. నవలకు పేపరు అట్ట వేయించి, దాని మీద జనరల్ నాలెడ్జి అని రాసుకుని చదివేవాణ్ణి. పక్క సీట్లో తరచుగా కూర్చునే ఒక పెద్దాయన "యా పరీక్షకు సదువుతాండావప్పా?" అని అడిగితే ఏదో ఒక పరీక్ష పేరు చెప్పాను. మూడేళ్ల తర్వాత అదే ఆయన నా అట్ట వైపు జాలిగా చూసి, "ఇంకా రాలేదా? పోనీలే, దేవుడుండాడు" అన్నాడు.

నవలలు తెచ్చుకునేది నంద్యాలలో ఒక అద్దె పుస్తకాల అంగడి నుంచి. మూడు గోడలకూ పుస్తకాలు, నడుమ ఒక బల్ల, బల్ల వెనక అంగడాయన. ఆ అంగడికి ఒక పద్ధతి ఉండేది. పుస్తకం మీద ఎవరూ పేరు రాయకూడదు. కానీ ఒకసారి చదివిన నవలనే మరిచిపోయి మళ్లీ తీసుకుపోకుండా, చదివినవాళ్లు పదిహేడో పేజీ మూలలో తమ గుర్తు ఒకటి పెట్టుకోవచ్చు. ఒకరిది పువ్వు, ఒకరిది చేప, ఒకరిది సున్నాలో సున్నా. నాది త్రికోణం. పుస్తకం చేతికి రాగానే కథ చూసేవాణ్ణి కాదు, ముందు పదిహేడో పేజీ తిప్పేవాణ్ణి. పేర్లు లేని ఒక ఊరంతా ఆ మూలలో కాపురముండేది.

ఆళ్లగడ్డ ఆడవాళ్ల కోసం ప్రతి శనివారం నవలల కట్ట ఒకటి బస్సులో పోయేది. డ్రైవరు దాన్ని బస్టాండు పక్కన గాజుల అంగడిలో ఇచ్చేవాడు. గాజుల అంగడికి ఎందుకు పోయినావని ఏ ఇంట్లోనూ ఆడమనిషిని అడగరు కదా. అందులో ఒక్కొక్కరికి విడిగా ఒక చిన్న కట్ట ఉండేది, ఏది ఎవరిదో గాజులామెకూ అంగడాయనకూ తప్ప తెలియదు.

నేను ఒకసారి అడిగాను.

"అన్నా, నాలుగు చుక్కల గుర్తు ఎవరిది?"

"నీకెందుకప్పా?"

"ఊరికే."

"ఊరికే అయితే ఊరికే ఉండు."

ఎందుకు అడిగానంటే, ఆ నాలుగు చుక్కల మనిషి గుర్తు పెట్టి ఊరుకునేది కాదు. నవల చివర ఖాళీగా ఉండే పేజీలో పెన్సిలుతో రెండు మూడు వాక్యాలు రాసేది. చిన్న అక్షరాలు, గట్టిగా నొక్కి రాసినవి. రెండు వందల పేజీలు అపార్థంతో నడిచిన ఒక నవల చివర ఇలా ఉంది: "ఒక్క మాట అడిగింటే ఇరవై పేజీలకే అయిపోయేది. అడగనియ్యరు. అడిగితే పుస్తకం లేదు." ఇంకో నవలలో నాయకుడికి కోపమొస్తే మరీ అందంగా ఉంటాడని పదేపదే రాశారు. దాని చివర: "కోపమొస్తే అందమంట. మా ఇంట్లో కోపమొస్తే సుత్తి యాడ పడతాదో తెలీదు." ఒకదాని చివర ఒకే ప్రశ్న: "ఈయమ్మి అన్నం ఎప్పుడు వండుతాది?"

నేను బస్సులో గట్టిగా నవ్వేశాను. జనరల్ నాలెడ్జి చదువుతూ నవ్వినవాణ్ణి పెద్దాయన అనుమానంగా చూశాడు.

ఒకసారి ఆమె రాసిన మాట కింద "నిజమే" అని రాశాను. ఆ పుస్తకాన్ని ఆమె మళ్లీ తెప్పించుకున్నట్టుంది, కొన్ని నెలలకు మరో నవల చివర జవాబు కనిపించింది. "నిజమే అని రాసినోళ్లు ఎవరో గాని, ఇంగొకరి మాట కింద కూర్చునేదానికన్నా సొంతంగా ఒక మాట రాయొచ్చు." నాకు కోపం రాలేదు. ఆ పేజీని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఎవరీమె? ఏ వీధి? పిల్లలున్నారా? పెన్సిలు ఎక్కడ దాచుకుంటుంది? పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి, ఆమె మీద నాకున్నది ప్రేమ కాదు. నవల చదువుతూ తర్వాతి పేజీ తిప్పకుండా ఉండలేకపోవడం ఉంటుంది చూడండి, అలాంటిది.

రెండు వేల సంవత్సరం దాటాక ఆఫీసు వీధిలో ఇంటర్నెట్ సెంటరు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడికి పోవడం మొదలుపెట్టాను. తెలుగు నవలలు చదివేవాళ్ల గుంపు ఒకటి అందులో దొరికింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు. రిటైరైన స్టేషన్ మాస్టరు ఒకాయన, ఫలానా నవల చదివి ఏడ్చానని పదిమందిలో రాశాడు. మీసమున్న మగవాడు అలా చెప్పుకోగలడని నాకు అంతవరకూ తెలియదు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, నాయకుల కళ్ల రంగు మీద ఒక పెద్ద చర్చే పెట్టింది. నేను నెలరోజులు చదువుతూ మాత్రమే కూర్చున్నాను. నాకు చదవడం వచ్చు, చెప్పడం రాదు.

ఒకరోజు ఆ అపార్థాల నవల గురించి మాటలు వచ్చాయి. "ఒక్క మాట అడిగింటే ఇరవై పేజీలకే అయిపోయేది" అని కొట్టి, కింద నా పేరు పెట్టాను. మరుసటిరోజు పోయి చూస్తే పదిమందికి పైగా మెచ్చుకుంటూ రాశారు. స్టేషన్ మాస్టరు "అయ్యా, మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అన్నాడు. చెవులు వేడెక్కాయి. అది ఆమె మాట అని చెప్పడానికి ఆ రోజు సమయముంది. చెప్పలేదు. తర్వాత సుత్తి మాట పెట్టాను, కొంచెం మార్చి. తర్వాత ఇంకొకటి. నవల తెచ్చుకుంటే ముందు చివరి పేజీ చూడటం, అక్కడ ఏమీ లేకపోతే నవల చదవకుండానే తిరిగిచ్చేయడం అలవాటైంది. అలా రెండేళ్లు. చదువరినని పేరు తెచ్చుకున్న రెండేళ్లలో నేను సరిగ్గా చదవనే లేదు.

ఇక ఆ చివరి మాట. "పెండ్లయినాక ఏమైతాదో ఎవురూ రాయరు. ఆడికే పుస్తకం మూస్తారు." ఇది పెట్టగానే బెంగళూరు అమ్మాయి అడిగింది: "అయితే మీరు రాయండి. మూసిన పుస్తకం తర్వాతి పేజీలో ఏముంటుంది?" గుంపంతా నా జవాబు కోసం కూర్చుంది. మూడు రోజులు ప్రయత్నించాను. పెళ్లయి పదేళ్లు దాటినవాణ్ణి, ఒక వాక్యం రాలేదు. అప్పుడు అనుకున్నాను, ఆమెను కనుక్కోవాలి అని. పరిచయం చేసుకోవాలని, కృతజ్ఞత చెప్పాలని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా దగ్గర ఆమె మాటలు అయిపోయాయి, ఇంకా కావాలి. అంతే.

ఆనవాలు ఒకటుంది. ఆమె చదివిన పుస్తకాల మడతల్లో సన్నని బూడిదరంగు పొడి ఉండేది. ఆళ్లగడ్డలో పుట్టినవాడికి అది ఏమిటో చెప్పనక్కరలేదు, రాతి పొడి. ఒక శనివారం సెలవు పెట్టి, గాజుల అంగడికి ఎదురుగా టీ బంకులో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక యాభై ఏళ్ల ఆమె ఒకతె వచ్చింది. కొంగు నిండా పొడి, మోచేతుల దాకా పొడి. గాజులేమీ చూడలేదు. సంచి నింపుకుని పోయింది. నేను వెనకాలే నడిచాను. ఒక ఆడమనిషి వెనక అలా నడవడం ఏమిటని అప్పుడు నాకు తోచలేదు.

రోడ్డు పక్కన షెడ్డు. సగం చెక్కిన నంది, ముఖం ఇంకా రాని అమ్మవారు. ఆమె సంచి లోపల పెట్టి వచ్చి, కూర్చుని ఒక విగ్రహం పాదాలను నున్నరాతితో రుద్దుతోంది. ఉలుల మోతలో వినపడదని నేను గట్టిగా అరిచాను. సరిగ్గా అప్పుడే ఉలులన్నీ ఆగాయి.

"నాలుగు చుక్కలు పెట్టేది మీరే కదమ్మా? చివరి పేజీల్లో రాసేది?"

షెడ్డంతా నా వైపు తిరిగింది. ఆమె చెయ్యి మాత్రం రుద్దుతూనే ఉంది.

"ఎవురప్పా నువ్వు?" అన్నాడు ఆమె భర్త. "ఏం రాస్తాండాది మా ఇంటిది నీకు?"

"నాకు కాదన్నా, నవలల్లో..."

"నాకు సదువు రాదు," అంది ఆమె, తల ఎత్తకుండా. "ఎవురో ఏమో. పొరపాటు పడినట్టుండాడు."

మరిది నవ్వాడు. "సదువు రాని మనిషి రాస్తాదంట! ఎండ తగిలిందేమో నీళ్లియ్యండప్పా."

అక్కడ తల ఊపి వచ్చేసి ఉంటే సరిపోయేది. ఆమె నాకు దారి కూడా చూపించింది. కానీ నన్ను చూసి పనివాళ్లు నవ్వుతున్నారు. నేను తెలివితక్కువవాణ్ణి కాదని నిరూపించుకోవాలనిపించింది. ఆనవాలుకని అంగడి నుంచి మళ్లీ తెచ్చుకున్న నవలను సంచిలోంచి తీసి, చివరి పేజీ తెరిచి, "ఇదిగో చూడండన్నా" అని ఆయన చేతికిచ్చాను.

ఆయన కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "కోప...మొస్తే... సుత్తి... యాడ పడతాదో... తెలీదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఒకసారి తన చేతిలోని సుత్తి వైపు చూసుకుని, దాన్ని మెల్లగా కింద పెట్టాడు. పుస్తకం మూసి నాకు తిరిగిచ్చాడు. "తీసకపో" అన్నాడు. ఆమె లేచి, చేతులు కడుక్కోకుండానే లోపలికి పోయింది.

ఆ తర్వాతి వారం నంద్యాల అంగడికి పోతే అంగడాయన నాకు పుస్తకం ఇవ్వలేదు. బల్ల మీద ఒక చిన్న కట్ట ఉంది, ముడి విప్పనిది.

"ఆమె కట్ట ఎనక్కొచ్చింది. ఇంక పంపొద్దని గాజులామెతో చెప్పి పంపింది. పద్నాలుగేండ్లుగా చదివిన మనిషి. నేను ఒక్కరి పేరు ఒక్కరికి చెప్పిండ్లేదు. నువ్వు టీ తాగుకుంటా కూర్చొని అంతా చెడగొడితివి."

"అన్నా, నేను కావాలని..."

"కావాలని చేసినావో, ఊరికే చేసినావో. ఆమెకు సదువు బందాయె."

ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. గుంపు సంగతి, నా పేరు కింద పెట్టుకున్న మాటలు, టీ బంకు, అన్నీ. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. నేను నవలలు చదువుతానని ఆమెకు తెలుసు, అట్టలు వేసిచ్చేది ఆమే.

"ఇంతమంది ముందర ఆమె పరువు తీసి, ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే ఏమొస్తాది?" అంది.

"పోయి క్షమించమని అడుగుతా."

"ఒక్కనివి పోతే ఇంగోసారి చెడగొట్టొస్తావ్. నేనూ వస్తా, పా."

ఆదివారం ఇద్దరమూ పోయాము. అదే షెడ్డు, అదే మనుషులు. ఆమె మాకు వీపు పెట్టి కూర్చుని, అమ్మవారి చేతిని రుద్దుతోంది. మమ్మల్ని చూసి కూడా తిరగలేదు. మరిది మాత్రం "వచ్చినాడప్పా మన పోస్టుమేన్" అన్నాడు.

నేను నిలబడే చెప్పాను. మాట తడబడకూడదని బస్టాండు నుంచి అక్కడిదాకా లోలోపల వల్లె వేసుకున్నాను.

"అన్నా, ఆ నవలలు సదివేది నేను. పదేండ్లకు పైగా సదువుతాండా. ఎవురో రాసిన మాటలు నావని చెప్పి పదిమందిలో పేరు తెచ్చుకొన్యా. ఇంకా కావల్లని ఆశపడి మీ ఇంటి మీదికి వచ్చినా. మీ ఇంటామెను నేను ఆ రోజుకు ముందు చూసింది లేదు, మాట్లాడింది లేదు. తప్పంతా నాది."

పనివాళ్లలో ఒకడు అడిగాడు. "నువ్వు సదువుతావా ప్రేమ కతలు? మీసాలు పెట్టుకొని?"

"సదువుతా."

"మరి మేం బస్సులో చూస్తే ఏందో పరీక్ష పుస్తకం ఉంటాది నీ చేతిలో."

"లోపల ఇదే."

షెడ్డు నవ్వింది. నా భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వనిచ్చాను. పదేళ్లు అట్టల కింద దాచుకున్నది ఈ నవ్వుకే భయపడి. చెవులు వేడెక్కిన మాట నిజం, కానీ అవి ఊడి పడలేదు.

భర్త నవ్వలేదు. చాలాసేపు నన్ను చూశాడు. ఆయన కళ్లలో కోపం కనిపించలేదు. ఏదో తెలుసుకోవాలన్నట్టు ఉన్నాయి.

"ఏముంటాదప్పా వాటిల్లో? ఒక కత చెప్పు, విందాం."

"ఇప్పుడా?"

"నిలబడి ఉండావు కదా. చెప్పు."

ఒక రాయి మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సంగీతం నేర్పే ఒక అమ్మాయి. టీ తోటల యజమాని. ఒక ఉత్తరం చేతులు మారుతుంది. పనివాళ్లు ఉలులు మెల్లగా ఆడిస్తూ వింటున్నారు. "ఉత్తరం చింపకుండా సదివింటే సరిపోయేది కదా" అన్నాడు మరిది. "సదివితే పుస్తకం లేదప్పా" అన్నాను, అని నాలుక కరుచుకున్నాను. మళ్లీ ఆమె మాటే. చివరికి వచ్చాను.

"ఆయమ్మి రైలెక్కింది. మనసొప్పక తరువాతి స్టేషన్లో దిగి ఎనక్కొచ్చింది."

"దిగలే."

ఉలి మోత మధ్య ఆ మాట సన్నగా వినిపించింది. ఆమె ఇటు తిరగలేదు. చెయ్యి ఆపలేదు.

"రైలు పోయింది. ఆయమ్మి ఊరికి పోయి, ఇంటి ముందర కసువు కొడతాంటే ఆయప్పే నడిచొచ్చినాడు. ఆయమ్మి యాడా దిగలే. పుస్తకం సదివినావా, ఊరికే తిప్పినావా?"

నేను ఊరికే తిప్పినవాణ్ణి. చివర తప్పు చెప్పగానే ఆమె పట్టేసింది.

ఉలులు ఆగాయి. భర్త ఆమె వీపు వైపు చూశాడు. ముప్పై ఏళ్లు పక్కనే కూర్చుని పని చేసిన మనిషిని ఇప్పుడే కొత్తగా ఎవరో తెచ్చి కూర్చోబెట్టినట్టు చూశాడు.

"అట్లనా?" అన్నాడు చివరికి. "నడిచొచ్చి ఏమన్యాడు?"

"ఏమనలే. చీపురు తీసుకున్యాడు."

ఆయన ఉలి అందుకుని, "సరే, పని చూడండప్పా" అన్నాడు. మా వైపు తిరిగి, "మజ్జిగ తాగి పోండి" అన్నాడు.

ఆమే మజ్జిగ తెచ్చింది. గుంపులో నేను పెట్టిన మాటలన్నీ, వాటికి వచ్చిన జవాబులూ అచ్చు తీయించి, తెలుగు అక్షరాల్లో తిరగరాసి తెచ్చాను. ఆ కాగితాలు నా భార్య ఆమె చేతికిచ్చింది. ఆమె గ్లాసులు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నిలబడే రెండు కాగితాలు చదివింది.

"వీళ్లంతా యాడోళ్లు?"

"ఒక్కో ఊరోళ్లమ్మా. ఎవురూ ఎవురినీ చూసింది లేదు."

"బెంగళూరు పిల్ల బాగ అడిగింది." అక్కడ వేలు పెట్టి ఆగింది. పెండ్లయినాక ఏమవుతుందన్న ప్రశ్న అది. ఇంత జరిగాక కూడా ఆ జవాబు కోసం నా చెవులు నిక్కబొడుచుకున్నాయని ఒప్పుకోవాలి.

ఆమె నన్ను చూసి నవ్వింది. "తెలుసు నాకు. నీకు చెప్పను. చెప్తే నీ పేరు పెట్టుకుంటావ్."

"పెట్టుకోనమ్మా. మీ పేరు పెడతా."

"నా పేరు వద్దు. ఊరు పెట్టు, సాలు."

ఆమె మళ్లీ పంపమని కబురు పెట్టిందట, తర్వాతి శనివారం ఆమె కట్ట గాజుల అంగడిలో దిగింది. మరుసటి వారం ముడి విప్పి, చదివిన పుస్తకాలు వెనక్కి వచ్చాయని అంగడాయన చెప్పాడు, నాకు మళ్లీ పుస్తకం ఇస్తూ. అయితే అవి నా చేతికి వచ్చినప్పుడు చూశాను. పదిహేడో పేజీలో గుర్తు ఉంది. చివరి పేజీ ఖాళీగా ఉంది. తర్వాత వచ్చిన వాటిలోనూ అంతే. చదువు తిరిగి వచ్చింది, రాత రాలేదు. రాసిన మాటను ఎవరో ఒకరోజు షెడ్డులో పైకి చదువుతారని తెలిశాక ఎవరు మాత్రం రాస్తారు? దాన్ని నేను సరిచేయలేకపోయాను.

సరిచేయగలిగింది ఒకటుంది. షెడ్డుకు పోయి వచ్చిన మరునాడు, సోమవారం మధ్యాహ్నం, ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని, రెండేళ్లలో నా పేరుతో పెట్టిన మాటలు ఒక్కొక్కటే వెతికి తీశాను. గుంపులో పెట్టింది చెరపడానికి వీల్లేదు, కింద జవాబు రాయడానికే వీలు. అన్నింటికీ ఒకేచోట క్షమాపణ రాసేస్తే సులభంగా అయిపోయేది. అలా కాకుండా ఒక్కొక్క మాట కిందా విడివిడిగా రాశాను: "ఇది నా మాట కాదు. ఆళ్లగడ్డలో ఒక పాఠకురాలు నవల చివరి పేజీలో రాసుకున్నది. అడగకుండా తీసుకుని నాదని చెప్పాను." ఆ వారమంతా మధ్యాహ్నాలు అదే పని. స్టేషన్ మాస్టరు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. బెంగళూరు అమ్మాయి మాత్రం, "అయితే ఆమె జవాబు ఏమిటి?" అని అడిగింది.

"ఆమెకు తెలుసు. నాకు చెప్పలేదు," అని రాసి, కింద నా పేరు పెట్టాను. ఆ గుంపులో నేను సొంతంగా రాసిన మొదటి వాక్యం అది.